దసరా పాఠంలో మన డప్పు ఏది?

(వాడలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో మా కార్యకర్తల తరఫున చేసిన ప్రసంగం)



పొద్దంతా కూలికి పోయొచ్చి, పొయ్యి మీది కుండ దించి నేరుగా వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు కూర్చోబెట్టం. ఒక నోటుబుక్కు సంగతి మాట్లాడాలని వచ్చాం.

దసరా సెలవులకు ముందు ఒక ఊరి ప్రాథమిక బడిలో నాలుగో తరగతి పిల్లలకు పంతులు దసరా గురించి చెప్పాడు. ఊరి పేరు, పంతులు పేరు మాకు తెలుసు గానీ ఇక్కడ చెప్పం. మహిషాసురుడు రాక్షసుడు, దుర్గమ్మ తొమ్మిది రాత్రులు యుద్ధం చేసి వాణ్ణి చంపింది, చెడు మీద మంచి గెలిచింది, అందుకే పండగ. ఇంతే పాఠం. తర్వాత 'మా ఇంట్లో దసరా' అని రాసుకు రమ్మన్నాడు. మాదిగవాడ పిల్ల ఒకతి ఇట్లా రాసింది:

"మా నాయన డప్పు కొడతడు. జమ్మిచెట్టు కాడికి అందరికంటే ముందు మా నాయనే పోతడు. పూజ చేసేటప్పుడు దూరం నిలబడతడు. మాకు జమ్మి ఆఖరుకు ఇస్తరు. మా ఇంట్ల ఆ రోజు మాంసం కూర. మా అవ్వ కల్లు తాగి పాట పాడతది."

ఆరు వాక్యాలు. పంతులు ఆరింటినీ ఎర్రసిరాతో కొట్టేశాడు. కింద 'చెప్పినట్టు రాయి' అని పెట్టాడు. పిల్ల మళ్లీ రాసింది. మా నాన్నగారు పట్టుపంచె కట్టుకుని పూజ చేస్తారు, మా అమ్మగారు పులిహోర, బొబ్బట్లు చేస్తారు, మేము అమ్మవారి గుడికి వెళతాము. పదికి పది మార్కులు వచ్చాయి.

ఆ నాయనకు పట్టుపంచె ఎక్కడిదమ్మా? ఆ ఊరి గుడి గడప ఆయన ఏనాడు ఎక్కాడు? తొమ్మిదేళ్ల పిల్ల, ఉన్న నాయనను కొట్టేసి లేని నాయనను రాస్తే గానీ మార్కులు రాలేదు. ఆ పుస్తకం ఇంట్లో చూపించలేదు కూడా. బియ్యం డబ్బా వెనక దాచితే వాళ్లమ్మకు దొరికింది.

మేం నలుగురం ఆ పంతులు దగ్గరకు పోయాం. కొట్లాటకు కాదు. ఆయన చెడ్డవాడు కాదు, పిల్లలను కొట్టడు, బడికి వేళకు వస్తాడు. "కల్లు, మాంసం అని రాస్తే పై ఆఫీసరు చూసి ఏమంటాడు? పిల్ల బాగుపడాలనే కదా నేను చూసేది" అన్నాడు. సరే సారూ, 'దూరం నిలబడతడు' అన్న వాక్యంలో కల్లు లేదు, మాంసం లేదు, దాన్నెందుకు కొట్టేశారు అని అడిగాం. ఆయన దగ్గర జవాబు లేదు. చాయ్ తెప్పించాడు.

దసరాకూ బడికీ పాత చుట్టరికం ఉంది. వీధిబడుల కాలంలో పంతులు పిల్లల చేతికి పూలబాణాలు, గిలకలు ఇచ్చి, పాటలు పాడించుకుంటూ ఇంటింటికీ తిరిగి దసరా మామూలు వసూలు చేసుకునేవాడు. ముసలివాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ ఊరేగింపులో మాలమాదిగల పిల్లలు లేరు, ఆ బడిలోనే లేరు గనక. అంబేడ్కర్ అంతటివాడు చిన్నప్పుడు బడిలో ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. బంట్రోతు పైనుంచి పోస్తేనే మంచినీళ్లు. 1848లో పుణేలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెడితే, పాఠం చెప్పడానికి పోయే సావిత్రిబాయి మీద పేడ, బురద విసిరారు. అట్లాంటి తలుపులు తోసుకుని లోపలికి వచ్చిన పిల్లలు మనవాళ్లు. లోపలికి వచ్చాక నాయన డప్పు బయట పెట్టి రమ్మంటే ఎట్లా?

మేం పండగ పాఠం వద్దనడం లేదు. ఈ మాట జాగ్రత్తగా వినండి, రేపు ఊళ్లో మన మీద వేరే పుకారు పుట్టిస్తారు. పిల్లలు అన్ని పండగలూ తెలుసుకోవాలి. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి బడిలో తెలియజెప్పడం తప్పు కాదంది. తెలియజెప్పడం వేరు, మొక్కించడం వేరు. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధన చేయరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. సర్కారు గుర్తింపు, సాయం ఉన్న బడిలోనైనా తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లలను పూజలో కూర్చోబెట్టకూడదు. మనలో చర్చికి పోయేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు సరస్వతి పూజకు చందా ఇచ్చి, చేతులు జోడించి నిలబడుతుంటే మిమ్మల్ని ఎవరైనా అడిగారా? ఇంకోటి కూడా చూసి రండి. ఆ పూజ రోజున పిల్లల్లో చీపురు ఎవరికిస్తారు, ప్రసాదం పళ్లెం ఎవరికిస్తారు?

చెప్పేదేదో మొత్తం చెప్పండి అంటున్నాం. జార్ఖండ్‌లో అసుర్ అనే ఆదివాసులున్నారు, పూర్వం ఇనుము కరిగించినవాళ్లు. మహిషాసురుడు తమ పూర్వీకుడని చెప్పుకుంటారు. ఊరంతా సంబరపడే ఆ రోజులు వాళ్లకు దుఃఖం రోజులు. మహారాష్ట్రలో రైతుల ఇళ్లలో ఆడవాళ్లు పండగపూట బలిచక్రవర్తి రాజ్యం మళ్లీ రావాలని కోరుకుంటారు. వామనుడు తొక్కిన బలే ఆయన. ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, ఆ బలి మన శూద్రాతిశూద్రుల మంచి రాజు అన్నాడు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఒకే పండగకు రెండు వైపులున్నాయని నాలుగో తరగతి పిల్లకు అర్థమవుతుంది. మనకంటే బాగానే అర్థమవుతుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి, అంబేడ్కర్ నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. ఆ రోజు విజయదశమి. ఇప్పటికీ ప్రతి దసరాకు దీక్షాభూమికి జనం రైళ్లలో, బస్సుల్లో పోతారు. ఆ దసరా మన బడిలో ఎవరి నోటా రాదు. మన ఇళ్లలో మాత్రం వస్తోందా? మన మగవాళ్లు ఆ పూట ఏ స్థితిలో ఉంటారో ఈ ముందు వరసలో కూర్చున్న అక్కలకు తెలుసు. నవ్వకండన్నా, మిమ్మల్నే.

మార్కులు పోతాయేమోనని ఒక అక్క ఇందాక భయపడింది. భయం నిజమే. అందుకే ఒక్కో ఇల్లు విడిగా పోయి అడగొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, మనలాంటి కులాల వాళ్లకు పిల్లల లెక్కను బట్టి చోటుండాలి. మన బడి కమిటీలో మన వాడ నుంచి ఎవరున్నారని ఇందాక అడిగితే ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. సోమవారం పొద్దున ప్రార్థన గంటకు ముందే పదిమంది తల్లులు బడికి రండి, మేమూ వస్తాం. కమిటీ సభ్యుల జాబితా చూపించమని అడుగుదాం. పిల్లలు పండగ గురించి రాసిన పుస్తకాలు కూడా తెరిచి చూద్దాం.

ఆ పిల్ల నాయన ఇక్కడే ఉన్నాడు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూతురు మొదట రాసిన ఆరు వాక్యాలు ఆయనకు చదివి వినిపించాం. చదువు రాదు ఆయనకు. రెండోసారి చదవమన్నాడు. చదివాం.

అన్నా, ముందుకొచ్చి కూర్చో.