ఆరంభశూరత్వము



ఆంధ్రులు ఆరంభశూరులని లోకమున నొక నానుడి కలదు. పని తలపెట్టునప్పటి యుత్సాహము ముగించునప్పటికి మిగులదని దాని భావము. ఈ మాట విన్నప్పుడెల్ల మనము కొంత నవ్వి, కొంత నొచ్చుకొని యూరకుందుము. నేను క్రికెట్టు ఆటయందు మిక్కిలి అభిమానము గలవాడను. మన తెలుగునాటి జట్టొకటి 2009వ సంవత్సరమున ఈ నానుడికి చెప్పిన సమాధానమును నేడు తమకు మనవి చేయదలచితిని.

ఆట యెరుగనివారికొరకు రెండు మాటలు. ఐ.పి.ఎల్. అను పోటీ 2008వ సంవత్సరమున మొదలైనది. ఇందు ఒక్కొక్క పక్షమునకు 20 ఓవర్లు, అనగా 120 బంతులు మాత్రమే లభించును. ఆ మితిలో నెక్కువ పరుగులు తీసినవారిదే గెలుపు. ఆ రోజులలో ఎనిమిది జట్లుండెను. ప్రతి జట్టును మొదట 14 ఆటలాడును. గెలిచిన యాటకు రెండేసి పాయింట్లు. ముందున్న నాలుగు జట్లే పైమెట్టున కెక్కును. హైదరాబాదు పక్షమున ఆడినది డెక్కన్ ఛార్జర్సు అను జట్టు. అది 2008లో రెండే యాటలు గెలిచి, అన్నిటికంటె కడపట నిలిచెను.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల అభిమానుల స్థితి మరియు విచిత్రము. మాకు హైదరాబాదు రాత్రియంతయు ప్రయాణము. బెంగుళూరు పూట ప్రయాణము. కుప్పమున రైలెక్కినచో ఒక దిక్కున బెంగుళూరు, రెండవ దిక్కున చెన్నపట్టణము. మా బిడ్డలలో ననేకులు కొలువులకై బెంగుళూరికే పోవుచున్నారు. కావున ఒకే యింట అన్న బెంగుళూరు జట్టును, తమ్ముడు హైదరాబాదు జట్టును మెచ్చుట మాలో సామాన్యము. దూరము లెక్కించిన అది మనది. భాష లెక్కించిన ఇది మనది. నేను భాషను లెక్కించినవాడను. అందుచే 2008లో కడపటి జట్టువాడనని పేరుపడితిని.

మరుసటి యేడు మన దేశమున లోకసభ యెన్నికలు వచ్చుటచే పోటీని దక్షిణాఫ్రికాకు తరలించిరి. మన జట్టునకు ఆస్ట్రేలియా దేశస్థుడగు గిల్‌క్రిస్టు నాయకుడు. ఏప్రిల్ 19వ తేదీన కేప్‌టౌనులో కలకత్తా జట్టును 101 పరుగులకే ముగించి, ఆ లెక్కను 79 బంతులలోనే దాటి, ఇంకను 41 బంతులు మిగిల్చిరి. 22వ తేదీన బెంగుళూరును 24 పరుగులతోను, 25వ తేదీన బొంబాయిని 12 పరుగులతోను, 27వ తేదీన చెన్నైని ఆరు వికెట్లతోను ఓడించిరి. తొమ్మిది దినములలో నాలుగు గెలుపులు! కడపటి జట్టు మొదటి స్థానమున కూర్చుండెను.

ఆ దినములలో మా సంతోషమునకు మేరలేదు. కాని మదనపల్లె టమోటా మండీని ఎరిగిన పెద్దలు ఇట్టి సంతోషమును నమ్మరు. తొలికోతకు మంచి ధర పలికినదని అప్పుచేసి అరుగు కట్టించినవాడు, మూడవ కోతనాటికి పండ్లను బాటప్రక్కన పారబోసి వచ్చుట వారు చూచినదే. తొలికోత రూకలను దాచినవాడే ధర పడిన దినమున తలయెత్తుకొని తిరుగును.

జట్టునకును ధర పడిన దినములు వచ్చెను. ఏప్రిల్ 30వ తేదీన ఢిల్లీ చేతిలో ఓడిరి. నడుమ మే 6వ తేదీన రోహిత్ శర్మ వరుసగా మూడు బంతులకు ముగ్గురు బొంబాయి ఆటగాండ్రను పడగొట్టి ఒక యాట గెలిపించినను, మొత్తము మీద తక్కిన పది యాటలలో మూడు గెలిచి, ఏడు ఓడిరి. నానుడి నిజమయ్యెనని మావారే యనసాగిరి.

లెక్క చూడగా మన జట్టునకు 14 పాయింట్లు. పంజాబునకును 14 పాయింట్లే. నాలుగవ స్థానమొక్కటియే మిగిలినది. ఇట్టి సమానమున పరుగులు తీసిన వేగమును బట్టి తీర్పు చెప్పుదురు. ఆ వేగములో మనవారు మిన్నయైరి. తొలినాడు మిగిల్చిన ఆ 41 బంతులును ఆ లెక్కలో చేరినవే. నాలుగు తొలిగెలుపులలో నొక్కటి తగ్గినను ఆ స్థానము దక్కకపోయెడిది. గాదెలో దాచిన గింజ కరవున అక్కరకు వచ్చినట్లు, ఏప్రిల్ గెలుపు మే నెలలో అక్కరకు వచ్చినది.

తరువాత మే 22వ తేదీన గిల్‌క్రిస్టు 35 బంతులలో 85 పరుగులు తీసి ఢిల్లీని ఓడించెను. 24వ తేదీన జొహానెస్‌బర్గులో తుది యాట. ఎదుట నిలిచినది మరెవరో కాదు, బెంగుళూరే! మా యూళ్ల యిండ్లలో ఆ రాత్రి అన్నదమ్ములు చెరియొక ప్రక్కన కూర్చుండిరనుట అతిశయోక్తి కాదు. మొదటి ఓవరులోనే కుంబ్లే మన నాయకుని సున్నకు పంపెను. అతడు 16 పరుగులిచ్చి నలుగురిని పడగొట్టెను. ఓడిన పక్షమువాడైనను ఆనాటి మేటి యతడే. గిబ్స్ చివరివరకు నిలిచి 53 పరుగులు తీయగా మన మొత్తము 143 మాత్రమయ్యెను. పుంగనూరు ఆవు పొట్టిదని పాలు తక్కువ చిక్కనా? ఆ చిన్న మొత్తమునే మనవారు కాచిరి. చివరి ఓవరులో బెంగుళూరునకు 15 పరుగులు కావలసియుండ, ఆర్.పి. సింగు ఎనిమిదే యిచ్చెను. ఆరు పరుగులతో కప్పు మనదయ్యెను.

ఆ జట్టు 2012తో అంతరించినది. 2013 నుండి హైదరాబాదు పక్షమున సన్‌రైజర్సు ఆడుచున్నారు. వీరు 2016లో మొదటి రెండాటలు ఓడియు కప్పు గెలిచిరి. 2024లో మార్చి, ఏప్రిల్ నెలలలో 277, 287 పరుగులు తీసి, ఒక యాట మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్టు పోకుండ 125 పరుగులు చేసి లోకమును విస్మయపరచిరి. కాని మే 26వ తేదీ తుది యాటలో 113కే ముగిసిరి. 2025లో మొదటి యాటనే 286 తీసి, వెనువెంటనే నాలుగు వరుసగా ఓడి ఆరవ స్థానమున నిలిచిరి.

కావున తొలిగెలుపు తుదిగెలుపునకు పూచీ కాదు. ఈ సంగతి తెలియక మన పల్లెలలో కొందరు పిల్లలు, రెండు గెలుపులు చూచి మూడవదానిపై అప్పుతెచ్చి పందెము కాయుచున్నారు. నాలుగు గెలిచిన జట్టు ఐదవనాడు ఓడినది గదా! ఆటను చూడవద్దని వారిని కసరకుడు. ప్రక్కన కూర్చుండి వారితో కూడ చూచి, ఈ 2009 లెక్కను వారికి చెప్పుడు. అభిమానికి ఆట యిచ్చునది ఆనందము మాత్రమే. దానికి వడ్డీ లేదు.

ఆరంభశూరత్వము దోషము కాదు, పెద్దలారా. ఆరంభమున శూరుడు కానివానికి మధ్యలో ఓడుటకు ఓపిక యెక్కడిది? దానిని దాచుకొనక ఖర్చుచేయుటయే దోషము.