తరగతి గది గోడలు ఏం చెబుతాయి?



తరగతి గది అలంకరణ అనగానే రంగు కాగితాలు, తోరణాలు, మెరిసే అక్షరాలు మీకు గుర్తుకు వస్తాయి. ఆగస్టు 15కు కట్టిన కాగితపు జెండాలు దసరా సెలవుల దాకా వేలాడటం మీరూ చూసే ఉంటారు. ఈ ప్రసంగం ఆ ముస్తాబు గురించి కాదు. గోడమీద ఏది పెడతాం, ఏది పెట్టం అనే నిర్ణయంలో ఉపాధ్యాయుని విలువలు బయటపడతాయి. అవి ఏమిటో ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది, సత్యం పట్ల గౌరవం. మీ గదిలో సౌరకుటుంబం చార్టు ఉంటే గ్రహాలను లెక్కపెట్టండి. తొమ్మిది ఉన్నాయా? 2006లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య గ్రహం అంటే ఏమిటో నిర్వచించి, ప్లూటోను మరుగుజ్జు గ్రహంగా వర్గీకరించింది. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 మూలకాలకు 2016లో పేర్లు ఖరారయ్యాయి. మీ చార్టు పాతదైతే చించి పారేయనక్కరలేదు. ఏం మారింది, ఎందుకు మారింది అని ఒక కాగితం మీద రాసి పక్కనే అంటించండి. విజ్ఞానశాస్త్రం తన్ను తాను సరిదిద్దుకుంటుందనే పాఠం కొత్త చార్టు కన్నా ఆ కాగితమే బాగా చెబుతుంది.

రెండవది, అందరికీ చోటు. 2009లో అమెరికాలో సప్నా చెరియన్, ఆమె సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. కంప్యూటర్ సైన్సుకు చెందిన గదిని వారు రెండు రకాలుగా అమర్చారు. ఒకసారి స్టార్ ట్రెక్ పోస్టర్లు, వీడియో గేములు పెట్టారు. మరోసారి ప్రకృతి చిత్రాల వంటి మామూలు వస్తువులు పెట్టారు. మొదటి రకం గదిలో కూర్చున్న యువతులకు ఆ శాస్త్రంపై ఆసక్తి తక్కువగా కనిపించింది. రెండవ రకం గదిలో అది పెరిగింది. మారినవి వస్తువులే! మరి మన ప్రయోగశాలలో న్యూటన్, ఐన్‌స్టీన్ పటాలే ఉంటే వెనక బెంచీలోని అమ్మాయి ఏమనుకుంటుంది? వాటి సరసన వాతావరణ పరికరాల నిపుణురాలు అన్నా మణిని, చెరకుపై పరిశోధించిన జానకి అమ్మాళ్‌ను, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును ఉంచండి. పటం కింద పేరుతో పాటు వారు చేసిన పని కూడా రాయండి.

మూడవది, మితం. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో, మరికొన్ని బోసి గోడల గదిలో చెప్పించారు. బొమ్మలు నిండిన గదిలో పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. అది చిన్నపిల్లలపై చేసిన చిన్న పరిశోధన. అయినా ఒక జాగ్రత్త నేర్పుతుంది. నల్లబల్ల ఉన్న గోడను ఖాళీగా వదలండి. చార్టులను పక్క గోడలకు, వెనక గోడకు తగిలించండి. పాఠం అయిపోయిన చార్టును తీసేయండి.

ఇదంతా డబ్బున్న బడులకే సాధ్యమని అనుకోకండి. వాస్తుశిల్పి కబీర్ వాజ్‌పేయీ రూపొందించిన 'బాలా' పద్ధతిలో బడి భవనమే బోధనోపకరణం. తలుపు తిరిగే చోట నేలమీద కోణాలు గీస్తే తలుపు తెరిచిన ప్రతిసారీ ఒక కోణం కనిపిస్తుంది. మీ గదికి దక్షిణపు కిటికీ ఉంటే ఇంకో పని చేయండి. నెలకొకసారి మిట్టమధ్యాహ్నం ఎండ ఎంత లోపలికి పడిందో నేలమీద గీత గీసి, తేదీ రాయండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కనుక ఎండ బాగా లోపలికి వస్తుంది. వేసవి వైపు వెళ్లేకొద్దీ గీతలు కిటికీ దగ్గరకు జరుగుతాయి. ఒక్క సుద్దముక్క ఖర్చుతో ఋతువులకు కారణం మీ కాళ్ల దగ్గరే కనిపిస్తుంది.

చివరిగా ఒక మాట. మొదటి ర్యాంకు వారి పనినే గోడకెక్కిస్తే మిగతావారికి ఆ గోడ పరాయిదవుతుంది. లెక్కకు సరిపోని ప్రయోగ ఫలితాన్ని కూడా "ఎందుకిలా వచ్చింది?" అనే ప్రశ్నతో పెట్టండి. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు. అంతవరకూ ఆగనక్కరలేదు. రేపు బడికి వెళ్లగానే మీ గది నాలుగు గోడలూ ఒకసారి చదవండి. అక్కడ ఎవరికి చోటు లేదో గమనించి, మీ మాస్టారితోనో టీచరుగారితోనో మాట్లాడండి.