తల్లి బరువు – బిడ్డ బలం

పెద్దలారా, దాతలారా!

మేము బడిలో పిల్లల ఎత్తు, బరువు రాస్తుంటాం. ఆ లెక్క మొదలయ్యేది తల్లి కడుపులోనే. తల్లి మరీ బక్కచిక్కి ఉంటే నెలలు నిండకముందే కాన్పు రావచ్చు, బిడ్డ 2.5 కిలోలకన్నా తక్కువ బరువుతో పుట్టవచ్చు. బరువు మితిమీరితే బీపీ, షుగరు ముప్పు. సాధారణ బరువున్న తల్లి గర్భంతో సుమారు 10–12 కిలోలు పెరగడం మంచిది.

కానీ మన ఇళ్లలో కోడలు దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేది అందరూ తిన్నాకే. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికి రంజాన్ రోజాలు తర్వాత పాటించే వెసులుబాటు షరీఅత్ ఇచ్చింది. ఆ సడలింపును మనం కాదనకూడదు.

మీ జకాత్‌లో కొంత పేద గర్భిణుల పాలు, గుడ్లు, పప్పులకు కేటాయించండి. ఇంట్లో ఆమెకు ముందుగా వడ్డించండి. దానికి పైసా ఖర్చు లేదు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.