అరిసెల పాకము, ప్రభల తీర్థము

సంక్రాంతి మూడు దినముల పండుగ. భోగినాడు మంటలు, సంక్రాంతినాడు కొత్తబియ్యపు పొంగలి, కనుమనాడు పశువుల పూజ తెలుగునాట అంతటను కలవు. మా కోనసీమవారికి కనుమనాడు మరియొక వేడుక కలదు. అది ప్రభల తీర్థము. పండుగకు ముందు ఇంట అరిసెలు వండుట, కనుమనాడు వానిని డబ్బాలో పెట్టుకొని ఇంటిల్లపాదియు తీర్థమునకు పోవుట, ఈ రెండును మా బాల్యమున విడదీయరానివై యుండెను. నేడు ఆ రెండింటిని గూర్చియు, వాని నడుమ గడపలో నిలిచిపోయిన ఒక మనిషిని గూర్చియు ముచ్చటింతుము.

అరిసెలు వండుట తొందరపడి చేయు పని కాదు. బియ్యమును ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టి, నడుమ నీరు మార్చవలెను. వడకట్టి, తడి ఆరకముందే రోట దంచి, జల్లించి, ఆ పిండిని గిన్నెలో అదిమి, గుడ్డ కప్పి యుంచవలెను. తడి యారిన పిండి పాకముతో కలియదు. ఇక అసలు పరీక్ష బెల్లపు పాకము. పళ్ళెములోని నీటిలో ఒక చుక్క వేసి వ్రేళ్ళతో కూర్చినచో అది మెత్తని ఉండ కావలెను. పాకము లేతదైనచో అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరినచో రాయి యగును. ఈ రెండింటికి నడుమ వ్యవధి కొన్ని నిమిషములే. ఆ అదను చూచి గిన్నె దింపి, పిండి కొంచెము కొంచెముగా పోసి కలిపిన చలిమిడికి నువ్వులద్ది, అరటియాకుపై తట్టి, నూనెలో వేసి, తీసిన పిమ్మట అరిసెల చెక్కలతో నొక్కవలెను.

మా యింట ఆ అదను తెలిసినది మా పెద్దత్తయ్య. ఆమె మా నాన్నగారి అక్కగారు. 1966లో, ఇరువది యేండ్ల వయసున, భర్తను కోల్పోయి పుట్టింటికి వచ్చినది. బియ్యము పోయుట మొదలు డబ్బాల కెత్తుట వరకు పని యంతయు ఆమెదే. అయితే మొదటి అరిసెను మాత్రము పసుపుకుంకుమలున్న చేయి నూనెలో వేయవలెనని మా మామ్మ నియమము. అందుచేత మా అమ్మ వచ్చి ఒక అరిసె వేసి పోయెడిది. తక్కిన రెండు వందల అరిసెలును అత్తయ్య వేసెడిది. ఇందులో వింత యేదియు ఉన్నట్లు మాకప్పుడు తోచలేదు.

అంబాజీపేట చేరువ మొసలపల్లిలో జగ్గన్నతోట అను కొబ్బరితోట కలదు. అచ్చట గుడి లేదు. కనుమనాడు చుట్టుపట్ల 11 గ్రామముల శివులు ఏకాదశ రుద్రులుగా ప్రభలపై నెక్కి ఆ తోటకు విచ్చేయుదురు. వెదురు వంచి కట్టి, రంగుల గుడ్డలు చుట్టి, గంటలు కట్టిన ఆ ప్రభలను మనుష్యులు భుజములపై మోసికొని వత్తురు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము ప్రభలు పచ్చని చేలగుండా వచ్చి కౌశికలో దిగును. మోయువారు పీకలోతు నీటిలో, "అశ్శరభ శరభ" అని కేకలు వేయుచు, ప్రభ ఒరగకుండ ఆవలి గట్టు చేర్తురు. ఆ క్షణమున గట్టున నున్నవారి ఊపిరి నిలిచిపోవును.

కనుమనాడు ఎడ్లకు విశ్రాంతి గనుక మేము నాలుగు మైళ్ళును కాలువగట్టున నడిచియే పోయెడివారము. తిరిగి వచ్చునపుడు జీళ్ళు, ఖర్జూరములు కొని తెచ్చెడివారము. అత్తయ్య వీధియరుగుపై దీపము పెట్టుకొని కూర్చుండెడిది. జీళ్ళు ముట్టక ముందే, "ప్రభలు నీళ్ళలో దిగాయా? ఏది ముందు దిగింది?" అని అడిగెడిది. మేము చెప్పినంతసేపును ఱెప్ప వేయక వినెడిది.

1988 కనుమనాటికి మాకు ఎనిమిదేండ్లు. బయలుదేరునపుడు, "అత్తయ్య ఎందుకు రాదు?" అని మామ్మ నడిగితిమి. "కనుమనాడు కాకి కూడా కదలదురా. ఎవరో ఒకరు ఇల్లు కనిపెట్టుకుని ఉండాలి కదా" అని మామ్మ అనెను.

"మరి మనమందరం కదులుతున్నాం కదా మామ్మా?"

ఎవరును నవ్వలేదు. మామ్మ కొంగు సవరించుకొనెను. నాన్నగారు అరిసెల డబ్బాను చేతినుండి అరుగుపై దింపి, కొంతసేపు దానిని చూచుచు నిలిచి, "అక్కయ్యా, నువ్వూ బయలుదేరు" అనిరి. "పొయ్యిమీద పాలున్నాయిరా" అని లోపలినుండి అత్తయ్య గొంతు వినవచ్చెను. మా అమ్మ మారుమాటాడక లోపలికి పోయి ఆ పాలు దింపినది. మామ్మయే తాళపుచెవి తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టినది.

ఆ దినమున కౌశిక గట్టున అత్తయ్య మా చేయి పట్టుకొని నిలిచెను. ప్రభ నీటిలో దిగినపుడు ఆ పట్టు ఎంత బిగిసెనో మాకిప్పటికిని జ్ఞాపకము. ఆమె కన్యగా ఆ ప్రభను చూచిన పిమ్మట ఇరువది రెండేండ్లు గడచినవి. నాలుగు మైళ్ళ దూరము నడుచుటకు ఆమెకు అన్నియేండ్లు పట్టినది. మరుసటి యేడు మొదటి అరిసెను నూనెలో ఎవరు వేయవలెనను ప్రశ్న వచ్చినపుడు, మా అమ్మ పీట అత్తయ్యవైపు జరిపినది. మామ్మ చూచియు చూడనట్లు ఊరకుండెను.

ప్రభల తీర్థమునకు నేడు దూరదేశములందును పేరు వచ్చినది. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగా అదియే నడిచినది. చూచి మేమును సంతోషించితిమి. ఆ వేళ మాకు శకటముకంటె ముందు అత్తయ్య కూర్చున్న అరుగు జ్ఞప్తికి వచ్చినది. ఆమె ఇప్పుడు లేదు. పాకము చూచుట మాత్రము మాకు నేర్పి పోయినది.

నేడు అరిసెలు అంగడిలో దొరకును. కొని తినుటలో తప్పు లేదు. ఇంట వండుకొనువారికి మాత్రము మా మనవి యొకటి. పండుగనాడు గడప దాటుటకు ముందు ఒకసారి వెనుకకు తిరిగి పొయ్యివైపు చూడుడు. అచ్చట ఎవరైన మిగిలియున్నచో, పాలు దింపి, వారిని వెంటబెట్టుకొని పొండు. ఇంటికి తాళము చాలును.