యాత్రా ప్రణాళిక: మ్యూజియం పాసు నేర్పే లెక్క, బస్తర్‌లో నాలుగు రోజులు



కొత్త ప్రాంతానికి వెళ్ళి మూడు నాలుగు రోజులు అక్కడి విశేషాలు చూడాలనుకున్నప్పుడు ప్రణాళిక ఎలా వేసుకోవాలన్నది ఈనాటి మన పాఠం. ముందు మ్యూజియం పాసు అనే పద్ధతిని పరిశీలిద్దాం. ఆ తరువాత అదే లెక్కను మనకు పొరుగున, ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న బస్తర్‌కు అన్వయించి చూద్దాం.

మ్యూజియం పాసు అంటే ఒకసారి డబ్బు కట్టి నిర్ణీత కాలంలో అనేక ప్రదర్శనశాలలు చూసేందుకు వీలిచ్చే టిక్కెట్టు. పారిస్ నగరంలో ఇలాంటి పాసు రెండు, నాలుగు, ఆరు రోజులకు దొరుకుతుంది. దానితో యాభైకి పైగా మ్యూజియాలు, కట్టడాలు చూడవచ్చు. వినగానే లాభసాటిగా ఉంటుంది. అయితే అనుభవం లేని యాత్రికుడు ఇక్కడే మూడు పొరపాట్లు చేస్తాడు.

మొదటిది, పాసు కాలం ఆగదు. తొలి మ్యూజియంలో అడుగుపెట్టిన క్షణం నుంచి అది నడుస్తూనే ఉంటుంది. మనం అలసిపోయి గదిలో పడుకున్నా ఆ గంటలు ఖర్చయినట్టే. రెండవది, సెలవు రోజులు. పారిస్‌లో లూవ్ర్ మంగళవారం, ఓర్సే సోమవారం మూసి ఉంటాయి. మన హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మూడవది, డబ్బు కట్టాం కదా అని ఒకే రోజున అయిదు చోట్లకు పరుగెత్తడం. సాయంత్రానికి కాళ్ళ నొప్పులు మిగులుతాయి, చూసినది మాత్రం గుర్తుండదు.

కాబట్టి పాసు కొనేవాడు స్థలాల సంఖ్యను కాక గంటలను లెక్క పెట్టాలి. ఏ వారం ఏది తెరిచి ఉంటుంది, ఏది దేనికి దగ్గర, దేనిని ముందు చూస్తే తరువాతిది బాగా అర్థమవుతుంది అన్న ప్రశ్నలు వేసుకోవాలి. వీటికి జవాబు దొరికితే ప్రణాళిక దాదాపు పూర్తయినట్టే.

ఇక బస్తర్‌కు వద్దాం. అక్కడ అన్నింటికీ చెల్లే ఒకే పాసు లేదు. అడవి గేటు దగ్గర టిక్కెట్టు వేరు, మ్యూజియం వేరు, గుడికి టిక్కెట్టే లేదు. అయినా లెక్క మాత్రం మారదు. పైగా ఇక్కడ వారంతో పాటు ఋతువును కూడా చూసుకోవాలి.

నేను మొదటిసారి ఆగస్టు నెలలో వెళ్ళాను. చిత్రకోట జలపాతం నిండుగా ఉరుముతున్నది. కానీ కుటుంసర్ గుహ మూసి ఉంది. వానాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది కనుక లోపలికి అనుమతించరు. ఆ సంగతి ముందు విచారించుకోకపోవడం నా తప్పే. జలపాతం నిండుగా కావాలంటే వానల్లో వెళ్ళాలి, గుహ కావాలంటే వానలు వెళ్ళాక రావాలి. రెండూ కావాలనుకునేవారికి నవంబరు మధ్యేమార్గం. దసరా చూడాలనుకుంటే అది మరో లెక్క. బస్తర్ దసరా 75 రోజుల పండుగ. రావణ దహనంతో నిమిత్తం లేకుండా దంతేశ్వరీ దేవి పేర జరుగుతుంది, ఏటా కొత్తగా రథం కడతారు. ఆ చివరి రోజులలో జగదల్‌పూర్‌లో గది దొరకడం కష్టం. అన్నీ ఒకే ప్రయాణంలో దొరకవని ముందే ఒప్పుకోవడం ప్రణాళికలో తొలి మెట్టు.

విశాఖపట్నం నుంచి అరకు, కోరాపుట్ మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు మార్గంలో జగదల్‌పూర్ ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లలో వేసిన మార్గమది. వానల్లో కొండచరియలు విరిగిపడితే రైళ్ళు ఆగుతాయి కాబట్టి బయలుదేరే ముందు విచారించుకోవాలి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి కుంట, సుక్మా మీదుగా రోడ్డు ఉంది. మనం మంగళవారం రాత్రికి జగదల్‌పూర్ చేరుకున్నామనుకుందాం.

మొదటి రోజు, బుధవారం. ఈ రోజు ఊరు దాటవద్దు. ధరంపురాలో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ వారి మ్యూజియం ఉంది. 1972లో ఏర్పడింది. అది ప్రభుత్వ కార్యాలయంలో భాగం. అందుకే వారాంతానికి వాయిదా వేయకుండా పనిదినంలోనే పెట్టుకున్నాం. మారియా, మురియా, హల్బా, భత్రా, ధుర్వా, దోర్లా జనుల దుస్తులు, నగలు, ఆయుధాలు, కొయ్య చెక్కడాలు అక్కడ చూడవచ్చు. మారియాల కొమ్ముల తలపాగా చూడగానే మన భద్రాచలం ప్రాంతపు కొమ్ముకోయల ఆట గుర్తుకు వస్తుంది. ఈ మ్యూజియాన్ని చివరి రోజుకు ఉంచితే, దారిలో చూసిన వాటి పేర్లు చూడడమంతా అయిపోయిన తరువాత తెలుస్తాయి. ముందు చూస్తే ఆ పేర్లు మన వెంట వస్తాయి. సాయంత్రం రాజమందిరం, దాని పక్కనే ఉన్న దంతేశ్వరి గుడి, దళపత్ సాగర్ చెరువు గట్టు. ఇంతే చాలు.

రెండవ రోజు, గురువారం. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం. 1982లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు పొందింది. కుటుంసర్ సున్నపురాయి గుహలోకి ఉదయమే వెళ్ళాలి. దారి ఇరుకు, లోపల చీకటి, గాలి తక్కువ. దీపం పట్టుకున్న మార్గదర్శి వెంట ఉంటాడు. తరతరాలుగా చీకటిలో బతకడం వల్ల చూపు తగ్గి రంగు కోల్పోయిన చేపలు అక్కడి నీటిలో ఉన్నాయి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు బయట ఆగడమే మంచిది. మధ్యాహ్నం తీరథ్‌గఢ్ జలపాతం. అక్కడ నీరు మెట్లు మెట్లుగా సుమారు 90 మీటర్లు దిగుతుంది. మెట్లు మనమూ దిగి ఎక్కాలి కనుక ఆ రోజు మూడవ స్థలం పెట్టుకోవద్దు.

మూడవ రోజు, శుక్రవారం. చిత్రకోట జగదల్‌పూర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ఇంద్రావతి నది గుర్రపు నాడా ఆకారంలో దాదాపు 30 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. నిన్నటి కాంగేర్ నీరు శబరి ద్వారా, నేటి ఇంద్రావతి నీరు నేరుగా, రెండూ చివరకు మన గోదావరిలోనే కలుస్తాయి. ఈ దారికి శుక్రవారాన్నే ఎందుకు ఎంచుకున్నాం? దారిలో ఉన్న లోహండీగూడలో ఆ రోజు సంత. ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు, వెదురు బుట్టలు, జీలుగు కల్లు అన్నీ అక్కడికి వస్తాయి. నారాయణ్‌పాల్‌లో క్రీ.శ. 1111 నాటి శాసనం ఉన్న విష్ణ్వాలయాన్ని కూడా ఈ రోజే చూడవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మ్యూజియంలో వస్తువు గాజు పెట్టెలో ఉంటుంది, ఎంతసేపైనా తేరిపార చూడవచ్చు. సంతలో ఉన్నది మనిషి. ఆమె ఉప్పు, నూనె కొనుక్కోవడానికి ఎన్నో మైళ్ళు నడిచి వచ్చింది, మనకు కనబడడానికి రాలేదు. అడగకుండా ఫోటో తీయడం, నగను చేత్తో పట్టి చూడడం, బేరంలో నాలుగు రూపాయల కోసం వేధించడం తగదు. యాత్రలో టిక్కెట్టు దేనికి కొన్నామో, దేనికి కొనలేదో గుర్తుంచుకోవాలి. మనుషులను చూడడానికి పాసు ఎవరూ అమ్మరు.

నాలుగవ రోజు, శనివారం. గీదం మీదుగా బార్సూర్, ఆపైన దంతెవాడ. బార్సూర్ నాగవంశీయుల కాలపు పట్టణం. మామా-భాంజా గుడి, జంట వినాయకులు, 32 స్తంభాల బత్తీసా గుడి చూడవలసినవి. బత్తీసాలో రెండు గర్భగుళ్ళు ఉన్నాయి. క్రీ.శ. 1208 నాటి గంగమహాదేవి శాసనం ఆమె రెండు శివాలయాలు కట్టించిందని, ఒకటి రాజు పేర, మరొకటి తన పేర అని చెబుతుంది. ఆ శాసనం భాష తెలుగు. దంతెవాడలో శంఖిని, డంకిని నదుల సంగమం దగ్గర దంతేశ్వరి ఆలయం ఉంది. పురుషులు ప్యాంటు విడిచి పంచె కట్టుకుని లోపలికి వెళ్ళాలి. 1703 నాటి దిక్పాలదేవుని శాసనం బస్తర్ రాజవంశాన్ని ఓరుగల్లు ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమరాజు నుంచి చెబుతుంది. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాతి కథ అది. ఆ శాసనాన్ని సంస్కృతంలో చెక్కించి, కలియుగంలో సంస్కృతం చదివేవారు తక్కువని మరో రాతిమీద వాడుక భాషలోనూ చెక్కించారు. చదివేవాడి సౌకర్యం గురించి అప్పుడే ఆలోచించారన్నమాట.

ఒక రోజు మిగిలితే ఉత్తరాన కొండాగావ్‌లో మైనపు అచ్చుతో ఇత్తడి బొమ్మలు పోసే ఢోక్రా పనివారిని చూడవచ్చు. లేకపోతే ఆ రోజును ఖాళీగా ఉంచండి. వాన, రైలు, ఒంట్లో నలత వంటివాటికి ఒక పూటైనా వదిలి పెట్టని ప్రణాళిక మొదటి ఆటంకానికే చెదిరిపోతుంది.

సారాంశం చెప్పుకుందాం. మనం వేసిన నాలుగు రోజులలో ముఖ్యమైన స్థలాలు రోజుకు రెండు మూడే. బుధవారానికి మ్యూజియం కారణం, శుక్రవారానికి సంత కారణం. గురువారం కష్టమైన నడక కనుక దానితో మరేదీ కలపలేదు. దూరం ఎక్కువైనది చివర పెట్టాం. ఏ రోజునైనా 'ఇది ఈ రోజే ఎందుకు' అని అడిగితే జవాబు చెప్పగలిగినప్పుడే అది ప్రణాళిక. చెప్పలేకపోతే అది పేర్ల జాబితా మాత్రమే.

అభ్యాసం: మీ జిల్లాకు ఒక అతిథి మూడు రోజులకు వస్తున్నారనుకోండి. సెలవు రోజులు, సంత రోజులు, దూరాలు ఒక కాగితం మీద రాసుకుని, ఏ రోజు ఏది చూపిస్తారో, ఎందుకో పక్కన ఒక్కొక్క వాక్యంలో రాయండి. ఆ కాగితం రాసేటప్పుడు మీ ఊరు మీకే కొత్తగా కనిపిస్తుంది.