తలకు తగిలిన దెబ్బ – నా అనుభవం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఎర్రుపాలెంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పిన సంగతి ఈ రోజున ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను డాక్టరును కాను. నెలల తరబడి తలనొప్పి పడ్డవాణ్ణి. అదే నా అర్హత.

2023 ఆగస్టులో జమలాపురం వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పక్కింటి కుర్రవాడి బండి వెనుక కూర్చుని వస్తున్నాను. హెల్మెట్ లేదు. "ఇంత దగ్గరకు ఎందుకులే" అన్నది నేనే. కుక్క అడ్డం వచ్చింది, బండి ఒరిగింది, నా తల రోడ్డు అంచుకు కొట్టుకుంది. పడిన సంగతి ఇప్పటికీ నాకు గుర్తు లేదు. ప్రసాదం సంచి ఏదని అడిగానట. చెప్పిన రెండు నిమిషాలకు మళ్లీ అడిగానట. మధిర చేరేదాకా అదే ప్రశ్న. అక్కడి నుంచి ఖమ్మం తీసుకుపోయి సి.టి. స్కాన్ తీయించారు. ఎముక విరగలేదు, లోపల రక్తం లేదు. రిపోర్టు నార్మల్. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం.

అసలు బాధ ఆ తరువాత మొదలైంది. పొద్దున లేచేసరికి నుదురు పట్టేసినట్లుండేది. మా ఇల్లు స్టేషనుకు దగ్గర. కాజీపేట–విజయవాడ లైను మీద రైళ్ల కూత చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ణి, ఎన్నడూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రతి కూతా తలలో మేకు దిగినట్లు ఉండేది. వంటింట్లో గిన్నె జారిపడితే కేకలు వేసేవాణ్ణి. పేపరు నాలుగు వరుసలు చదివేసరికి అక్షరాలు అలికినట్లయ్యేవి. తెలిసినవాళ్ల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. మనుమడు బంతి గోడకు కొట్టాడని చెయ్యి చేసుకున్నాను. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషిని. ఆ రోజు మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

మా అబ్బాయి మంచివాడే. "రిపోర్టు నార్మల్ కదా నాన్నా, మనసులో పెట్టుకోకండి" అనేవాడు. శొంఠి పట్టు వేశారు, అమృతాంజనం రాశారు, దిష్టి తీశారు. నేను మాత్రం మందుల షాపు నుంచి తలనొప్పి మాత్రలు తెప్పించుకుని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగుతూ, తలుపులు మూసుకుని చీకటి గదిలో పడుకున్నాను. ఇలా నాలుగు నెలలు.

డిసెంబరులో నరాల డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. ఆయన మా ఆవిడతో అన్న మాట మీకు చెప్పాలి. "అమ్మా, కుండకు బీట లేదు. లోపల తోడుకున్న పెరుగు చెదిరింది. స్కాన్‌కు బీట కనిపిస్తుంది గాని, ఈ చెదరడం కనిపించదు. ఈయన నటించడం లేదు." ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ సగం తలనొప్పి అక్కడే తగ్గినట్లనిపించింది.

తరువాత మాత్రల లెక్క అడిగారు. నెలలో 22 రోజులు అన్నాను. తలనొప్పి ఉన్నవాళ్లు మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే, ఆ మాత్రలే కొత్త తలనొప్పిని పుట్టిస్తాయట! ఆయన పర్యవేక్షణలో మానేశాను. మొదటి పది రోజులు నరకం. పక్కమీద పొర్లితే కళ్లు తిరిగేది వేరే జబ్బు అన్నారు. చెవి లోపలి సన్నని స్ఫటికాలు దెబ్బకు చోటు తప్పుతాయట. బల్ల మీద పడుకోబెట్టి తలను ఒక పద్ధతిలో అటూ ఇటూ తిప్పారు. రెండుసార్లకే పోయింది, మందు బిళ్ల లేకుండా.

చీకటి గది కూడా తప్పే అన్నారు. దెబ్బ తగిలిన మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు, ఆపైన కొద్దికొద్దిగా కదలాలి. నేను ఒక నోటుబుక్కు పెట్టాను. మొదటి వారం స్టేషను దాకా నడక, పేపరు అర పేజీ. తల బరువెక్కకముందే ఆపడం. ఒకే వేళకు పడుకోవడం. మరుసటి వారం ఇంకొంచెం. వేసవికి పేపరంతా చదవగలిగాను. రైలు కూత మళ్లీ వినపడకుండా పోయింది.

చాలామందికి కొద్ది వారాల్లోనే తగ్గుతుంది. మన వయసువాళ్లకు ఆలస్యమవుతుంది. ఇంకో సంగతి, ఇది మాత్రం ఇంట్లో పిల్లలు వినాలి. ముసలివాళ్లలో తలలో రక్తం నిదానంగా ఊరి, వారాల తరువాత బయటపడవచ్చు. గుండెకోసం రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. మత్తుగా ఉన్నా, పదేపదే వాంతులైనా, మాట తడబడినా, కాలో చెయ్యో లాగినా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, మొదటి స్కాన్ బాగానే ఉంది కదా అని కూర్చోవద్దు. అలాగని గుండె మందు మీ అంతట మీరు మానవద్దు.

ఈ కనపడని దెబ్బను లోకం నమ్మడం ఈమధ్యనే. క్రికెట్‌లో తలకు దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకరిని ఆడించే నియమం అంతర్జాతీయ పోటీల్లో 2019లో వచ్చింది. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో జడేజాకు హెల్మెట్‌పై బంతి తగిలితే, ఆయన బదులు చాహల్ బౌలింగ్ చేశాడు. 2021 సెప్టెంబరులో హైదరాబాదులో బండి మీద నుంచి పడిన నటుడు సాయి ధరమ్ తేజ్ హెల్మెట్ ఉండబట్టే బ్రతికానన్నారు. అయినా ఆ తరువాత మాట్లాడటానికి ఇబ్బంది పడ్డానని ఆయనే చెప్పుకున్నారు.

ఇప్పుడు నేను చెప్పకుండా దిగిపోలేని మాట. 1987లో నేను భద్రాచలం వైపు ఒక ఆఫీసులో సూపరింటెండెంటును. మా అటెండరు సైకిలు మీద నుంచి పడ్డాడు. సెలవు అయ్యాక డ్యూటీలో చేరాడు గాని, మధ్యాహ్నమైతే తలకు తువ్వాలు బిగించి రికార్డు రూములో కూర్చునేవాడు. ఒక సెక్షను తపాలు ఇంకో సెక్షనులో ఇచ్చేవాడు. "తల తిరుగుతోంది సార్" అంటే, "ఎక్స్‌రేలో ఏమీ లేదు గదయ్యా" అన్నాను. మెమో ఇచ్చాను. ఫైలు మీద 'పని దొంగ' అనే అర్థం వచ్చేట్లు నోటు రాశాను. దాని మీదనే అతనికి ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా ఆగిపోయింది. అది పెన్షన్ దాకా ఎలా వెంటాడుతుందో మీకు లెక్క చెప్పనక్కరలేదు.

నా చీకటి గదిలో నాకు రోజూ ఆ తువ్వాలే కనిపించేది. మొన్న దసరా వెళ్లాక బూర్గంపాడు దాటి వాళ్ల ఊరు వెళ్లాను. ఆయన పోయి నాలుగేళ్లయిందట. ఆమెకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. నేనెవరో, ఏం రాశానో చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "రిటైరయ్యేదాకా తువ్వాలు కట్టుకునేవాడండీ" అన్నది. మజ్జిగ ఇచ్చింది. నా తలనొప్పి తగ్గిందా అని కూడా అడిగింది.

ఆయన సర్వీసు కాగితాల జిరాక్సులు తెచ్చాను. ఇన్నేళ్ల తరువాత ఆ ఉత్తరువు మీద ఏమైనా అడిగే వీలుందేమో చూడమని, ఆ నోటు తప్పని నా సంతకంతో ఒక కాగితం జతచేసి, ఇందాకనే కార్యదర్శిగారి చేతికిచ్చాను. సెలవు.