అవమానానికి క్షమ ఇచ్చే ప్రత్యుత్తరం



75 సంవత్సరాలు నిండిన విద్యాలయంలో ఎందరు చదివారో, ఎందరు ఉత్తీర్ణులయ్యారో రిజిష్టర్లు చెప్పగలవు. ఒక్క పరుషవాక్యానికి మనసు విరిగి, తలవంచుకొని ఇంటికి వెళ్ళిన పిల్లలు ఎందరో ఏ రిజిష్టరూ చెప్పలేదు. ఈ దేవనహళ్ళిలో ఇంట తెలుగు, వీధిలో కన్నడం, ఇరుగుపొరుగున ఉర్దూ వినిపిస్తాయి. యాసను బట్టి, కులాన్ని బట్టి, తండ్రి చేసే పనిని బట్టి, తెలుగు మాధ్యమంలో చదువుతున్నందుకు సైతం పిల్లలు ఎగతాళికి గురికావడం కద్దు. అట్టి అవమానానికి ఏమి బదులు చెప్పాలి? క్రైస్తవ ధర్మం దీనికి ఇచ్చిన సమాధానాన్ని, ఒక తెలుగు మహాకవి జీవితం వెలుగులో పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

క్రీస్తు ప్రభువు శిరస్సుపై సైనికులు ముళ్ళ కిరీటం ఉంచారు. రాజువలె వస్త్రం కప్పి, మోకరిల్లి పరిహసించారు. ముఖంపై ఉమ్మివేశారు. అయినను ఆయన తనను సిలువవేసిన వారిని క్షమించుమని తండ్రిని వేడుకొన్నారు. సోదరుని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలునా అని పేతురు అడిగినప్పుడు, ఆయన ఇచ్చిన జవాబు లెక్కకు అందనిది.

అయితే సువార్తలో మరొక ఘట్టం ఉన్నది. ప్రధాన యాజకుని ఎదుట విచారణ జరుగుతుండగా ఒక బంట్రోతు ప్రభువును చెంపమీద కొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు, శపించలేదు. కాని మౌనంగానూ ఉండలేదు. తన మాటలో దోషముంటే చూపుమని, లేనిచో ఎందుకు కొట్టితివని ప్రశ్నించారు. క్షమ అంటే అన్యాయాన్ని న్యాయమని ఒప్పుకోవడం కాదని ఈ ఘట్టం బోధిస్తుంది. ద్వేషాన్ని విడిచిపెట్టి సత్యాన్ని విడువకుండుటే క్షమ.

ఈ సత్యానికి తెలుగునాట నిలువెత్తు నిదర్శనం గుఱ్ఱం జాషువా. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో జన్మించి, కులం కారణంగా చిన్ననాటి నుండి అవమానాలు భరించారు. తన కవిత విని మెచ్చుకొన్నవారే కులమేదని అడిగి, తెలిసిన తక్షణం లేచిపోయిన బాధను ఆయన పద్యంలో చెప్పుకొన్నారు. మరొకవంక, పురాణకథలను కావ్యాలుగా వ్రాస్తున్నందుకు క్రైస్తవ పెద్దలు కొందరు ఆయనను దూరం చేశారు. అటువారికి అంటరానివాడు, ఇటువారికి కానివాడు. ఇంతకు మించిన ఒంటరితనం ఏముంటుంది?

ఆయన దూషణకు దూషణ బదులివ్వలేదు. 1941లో ‘గబ్బిలం’ వ్రాశారు. గుడిలో అడుగిడ అర్హత లేని ఒక దీనుడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగగల గబ్బిలాన్ని పిలిచి, కాశీలోని శివునికి తన మొర వినిపించుమని కోరుతాడు. తనను వెలివేసిన దేశంలోనే దారి పొడవునా ఉన్న చారిత్రక స్థలాలను ఆ గబ్బిలానికి ప్రేమతో వర్ణించి చెబుతాడు. ఆ కావ్యంలో అన్యాయంపై నిలదీత ఉన్నది. దేశంపై ద్వేషం లేదు. అటుపిమ్మట ఆయన ‘క్రీస్తు చరిత్ర’ రచించారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. దూరం చేసిన సమాజానికి ఆయన ఇచ్చిన కానుక అదే. క్షమించానని ఆయన ఎక్కడ ప్రకటించారో వెదకనక్కరలేదు. ఆ కావ్యాలు చదివితే చాలును.

మహాపండితులు చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు స్వహస్తాలతో జాషువా పాదానికి గండపెండేరం తొడిగిన సంగతి కూడ పిల్లలకు చెప్పాలి. కొందరు చేసిన అవమానానికి ఒక సమూహాన్నంతటినీ ద్వేషించి ఉంటే, ఆ గౌరవాన్ని స్వీకరించే మనసు కవికి మిగిలేది కాదు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కుమారులను సజీవదహనం చేసినప్పుడు, ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నట్లు ప్రకటించారు. న్యాయస్థానం తన పని తాను చేసింది. ఆమె కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. క్షమ, న్యాయం ఒకదానికొకటి శత్రువులు కావని ఆ తల్లి లోకానికి చూపారు.

కనుక ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఏడుస్తూ వచ్చిన బిడ్డతో ‘సర్దుకుపో’ అని మాత్రమే చెప్పి పంపడం క్షమను నేర్పడం కాదు. అది బలహీనునిపై మరొక భారం మోపడమే. ముందుగా ఆ బిడ్డ చెప్పేది పూర్తిగా వినాలి. అవమానించిన బిడ్డను పిలిచి, చేసిన తప్పును తెలియజెప్పాలి. ఆ తరువాతనే క్షమను గురించి మాట్లాడాలి. క్షమను అడుగవచ్చును గాని, ఆజ్ఞాపించి రాబట్టలేము.

చిరంజీవులారా! మిమ్ము ఎవరైన చిన్నబుచ్చితే తలవంచకండి, చేయెత్తకండి. అది తప్పని స్పష్టంగా చెప్పండి. పెద్దలకు తెలియజేయండి. పిమ్మట ఆ మాటను మనసులో మోయకుండ దించివేయండి. మరునాడు అదే బల్లపై, అదే స్నేహితుని ప్రక్కన కూర్చొనగలిగితే, ఈ పాఠశాల 75 సంవత్సరాలుగా నేర్పిన చదువు సార్థకమైనట్లే.